ఇంటి మేకల పెంపకం – 3వ పాఠం: కంచె ఎంపిక

గత పాఠంలో పాకను ఆనుకుని 20 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు గల పెరటిని ముగ్గుతో గీసి ఉంచాము. ఆ గీత మీద ఏ కంచె వేయాలో ఈ పాఠంలో నిర్ణయిద్దాం.

దుకాణానికి వెళ్లే ముందు మేకను ఒక పూట గమనించండి. గేదె కంచెను చూసి పక్కకు మళ్లుతుంది. మేక దానిమీద ముందుకాళ్లు మోపి నిలబడుతుంది, ఒళ్లు రుద్దుకుంటుంది, అవతలి ఆకు కోసం తల దూరుస్తుంది. ఆడమేకలకు 4 అడుగుల ఎత్తు సరిపోతుంది, పోతు ఉంటే 5 అడుగులు కావాలి. కంచెకు దగ్గరగా తొట్టి గాని బండరాయి గాని ఉంటే అదే మెట్టవుతుంది కనుక వాటిని నాలుగైదు అడుగులు లోపలికి జరపండి.

ఎత్తు కంటే ఇనుప జాలి కన్ను, అంటే తీగల మధ్య ఉండే గడి, ముఖ్యం. చవకగా వచ్చిందని నేను మొదట 6 అంగుళాల గడుల జాలి వేయించాను. మా కొమ్ముల మేక అందులో తల దూర్చింది; లోపలికి పోయేటప్పుడు ఒదిగిపోయిన కొమ్ములు వెనక్కి వచ్చేటప్పుడు తీగకు తగులుకున్నాయి. గడ్డం పైకెత్తి, తల పక్కకు వాల్చి, ఒక్కొక్క కొమ్మునే తప్పించవలసి వచ్చింది. మర్నాడు అదే గడిలో మళ్లీ దూర్చింది! అందుకే 2 అంగుళాల కన్ను గల చైన్‌లింక్ జాలినే తీసుకోమంటాను. గేజి అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది: 10 గేజి తీగ మందం 3.25 మిల్లీమీటర్లు, 12 గేజిది 2.64, 14 గేజిది 2.03. మేక రుద్దుడుకు 14 గేజి జాలి త్వరలోనే బొజ్జలా సాగిపోతుంది కాబట్టి 12 గేజి కంటే సన్నని తీగకు దిగవద్దు. ముళ్లతీగ పొదుగునూ చెవులనూ చీరుతుంది; దానిని మన లెక్కలోకే తేవద్దు.

పొడవు వైపులను మూడేసి ఖాళీలుగా, వెడల్పు వైపులను రెండేసి ఖాళీలుగా పంచితే 10 కడీలు, వాకిలికి అదనంగా ఒకటి, మొత్తం 11 అవుతాయి. 2 అడుగులు నేలలోకి పోతుంది కనుక 4 అడుగుల కంచెకు 6 అడుగుల కడీ తీసుకోండి. జాలిని కడీలకు లోపలి వైపు, అంటే మేక ఉన్న వైపు కట్టాలి. అప్పుడు మేక తోసినకొద్దీ జాలి కడీకే ఒత్తుకుంటుంది, బయటి వైపు కడితే కట్టుతీగలు ఒక్కొక్కటే ఊడిపోతాయి. మూలకడీల ఏటవాలు ఆసరాలు బయటే ఉండాలి, లేకుంటే మేక వాటిమీదుగా ఎక్కేస్తుంది.

ఇక అందం సంగతి. కర్నూలు, కడప ప్రాంతాల్లో నాపరాళ్లను నిలువుగా పాతి కట్టే కంచె కంటికి నిండుగా ఉంటుంది, మేకకు దూరే సందు ఇవ్వదు. బండలు దగ్గరలో దొరికేవారు జాలి మాట మరచిపోవచ్చు. జాలి వేసినవారు వెలుపల శంఖుపువ్వు తీగను పాకించండి. అది మంచి మేతే కాబట్టి లోపలికి వచ్చిన కొసలను మేక కొరుక్కుతిన్నా భయం లేదు, వీధి వైపు నీలిపూలు మిగులుతాయి. గన్నేరును మాత్రం కంచె దరిదాపుల్లో నాటకండి. దాని ఆకులు కొద్దిగా తిన్నా మేక చచ్చిపోతుంది.

వచ్చే పాఠంలోగా ఒక మూల గుంత తవ్వి, ఎంత లోతులో రాయి తగిలిందో రాసి ఉంచుకోండి. తలుపు, గడియల పని దాని తరువాత చూద్దాం.