బోన్ మెట్స్‌కి (అంటే క్యాన్సర్ ఎముకలకి పాకితే) ఇచ్చే ఇంజెక్షన్ ఏం చేస్తుందో ఇంట్లోవాళ్ళకి బొమ్మ గీసి చెప్పడం ఎలా

అమ్మకి బ్రెస్ట్ క్యాన్సర్ వెన్నెముకకి పాకిందని తెలిశాక నెలనెలా ఒక డ్రిప్ పెడతాం అన్నారు, అమ్మేమో "ఎముకల బలానికేగా, పాలు తాగితే సరిపోదా" అని ఒకటే మాట. నాకూ అంతకుమించి తెలీదు అప్పుడు. తర్వాత చదివి, డాక్టర్ని అడిగి, నోట్‌బుక్ వెనక పేజీలో గీసి చూపిస్తే గానీ ఆవిడ ఒప్పుకోలేదు. మీ ఇంట్లోనూ ఇదే పరిస్థితి అయితే ఇలా గీయండి.

ముందు ఒక ఎముక గీయండి. ఎముకంటే ఎప్పుడూ రిపేర్ జరుగుతుండే ఇల్లు. కట్టే మేస్త్రీలు ఒక పక్క, వీళ్ళు ఆస్టియోబ్లాస్టులు. పాత గోడ కరిగించే కూలీలు ఇంకో పక్క, వీళ్ళు ఆస్టియోక్లాస్టులు. మేస్త్రీ చీటీ రాసిస్తేనే కూలీలు పనిలోకి దిగుతారు, ఆ చీటీ పేరు ర్యాంక్ లిగాండ్. అది ఎక్కువ కాకుండా మధ్యలోనే పట్టేసుకునే ఓపీజీ అని ఇంకో ప్రోటీన్ కూడా ఉంటుంది.

ఇప్పుడు క్యాన్సర్ కణాన్ని గీయండి. అది ఎముకకే ఎందుకొచ్చింది అంటారు, మా అమ్మా అదే అడిగింది. మూలుగలోంచి సీఎక్స్‌సీఎల్12 అనే కెమికల్ వస్తుంటుంది, దాన్ని పసిగట్టే రిసెప్టర్ చాలా బ్రెస్ట్ క్యాన్సర్ కణాల మీద ఉంటుందని 2001లో తేలింది. అసలు 1889లోనే లండన్‌లో స్టీఫెన్ పాజెట్ అనే సర్జన్ 735 బ్రెస్ట్ క్యాన్సర్ కేసుల రికార్డులు చూసి, విత్తనం అన్ని నేలల్లోనూ మొలవదు, దానికి తగ్గ నేల కావాలి అన్నాడు.

అసలు బొమ్మ ఇక్కడుంది, నిదానంగా గీయండి. క్యాన్సర్ కణం పీటీహెచ్‌ఆర్‌పీ అనే సిగ్నల్ వదులుతుంది, దాంతో మేస్త్రీలు చీటీలు ఎడాపెడా రాసేస్తారు, కూలీలు ఎక్కువైపోయి ఎముకని కరిగించేస్తారు, కరిగినప్పుడు అందులో దాచిపెట్టి ఉన్న టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్, కాల్షియం బయటికొస్తాయి, ఆ టీజీఎఫ్-బీటా తగిలి క్యాన్సర్ కణం ఇంకా ఎక్కువ పీటీహెచ్‌ఆర్‌పీ వదులుతుంది. బాణాలన్నీ కలిపితే గుండ్రంగా తిరిగి మొదటికే వస్తుంది. నొప్పి, ఎముక విరగడం అన్నీ ఈ చక్రంలోంచే. (ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఎక్కువగా మేస్త్రీలే అడ్డదిడ్డంగా కట్టేస్తారు, బొమ్మ కొంచెం మారుతుంది. ఎముకలోనే పుట్టే ఆస్టియోసార్కోమా వేరే జబ్బు, అది ఎక్కువగా ఊపిరితిత్తులకి పాకుతుంది.)

ఇప్పుడు రెడ్ పెన్ తీస్కోండి. ఇచ్చేది డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్ అయితే ర్యాంక్ లిగాండ్ బాణం మీద గీత కొట్టండి, అది చీటీనే పట్టేసుకుంటుంది. జోలెడ్రోనిక్ యాసిడ్ అనే డ్రిప్ అయితే కూలీల మీద కొట్టండి, అది ఎముకకి అంటుకుని ఉంటుంది, కరిగించడానికొచ్చిన కూలీ దాన్ని మింగి చస్తాడు. పాలు ఎన్ని తాగినా ఈ బాణాలు తెగవు. అయితే ఈ మందు చక్రాన్ని ఆపుతుందంతే, క్యాన్సర్‌ని చంపే ట్రీట్‌మెంట్ వేరేగా నడవాల్సిందే, ఇది తప్పకుండా చెప్పండి.

మొదలుపెట్టే ముందే డెంటిస్ట్‌కి చూపించండి. పిప్పిపన్ను పీకించాలంటే ముందే పీకించేయాలి, మందు మొదలయ్యాక పీకిస్తే ఒక్కోసారి దవడ ఎముక మానదు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూసే రక్తపరీక్ష), కాల్షియం టెస్టులు చేయించండి, రాసిచ్చిన కాల్షియం, విటమిన్ డి మానొద్దు, మూతి చుట్టూ తిమ్మిరెక్కినా కండరాలు పట్టేసినా కాల్షియం పడిపోయిందేమో అని ఫోన్ చేసి అడగండి. మొదటి డ్రిప్ తర్వాత ఒకట్రెండు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు మామూలే.

విపరీతమైన దాహం, మలబద్ధకం, మాట తడబాటు, మగత కనిపిస్తే రక్తంలో కాల్షియం పెరిగి ఉండొచ్చు, అదే రోజు చూపించాలి. కాళ్ళలో బలం తగ్గినా, యూరిన్ ఆగిపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీస్కెళ్ళండి, వెన్నుపాము నొక్కుకుపోతోందేమో వాళ్ళు వెంటనే ఎమ్మారై తీసి చూస్తారు.