పక్షి గుడ్లలో విషాన్ని ఏళ్ల తరబడి కొలవాలంటే

పీసీబీలు (ఒకప్పుడు కరెంటు పరికరాల్లో వాడిన రసాయనాలు), డీడీటీ అనే పురుగుమందు అవశేషాలు నీళ్లలో మరీ తక్కువగా ఉంటాయి, అక్కడ వాటిని పట్టుకోవడం పెద్ద తలనొప్పి. కానీ కొవ్వులో పేరుకుంటాయి కాబట్టి చేపలు తినే పక్షి గుడ్డు పచ్చసొనలో దొరికిపోతాయి. కెనడా వాళ్లు అమెరికా సరిహద్దులోని గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల్లో 1974 నుంచి హెర్రింగ్ గల్ అనే నీటిపక్షి గుడ్లతో చేస్తున్నది ఇదే. ఎదిగిన గల్స్ దాదాపు ఏడాదంతా ఆ సరస్సుల దగ్గరే ఉంటాయి, అందుకే గుడ్డులో కనిపించేది ఎక్కువగా అక్కడి కాలుష్యమే. వలస పక్షిని ఎంచుకుంటే ఏది ఎక్కడిదో తేలదు.

అనుమతి లేకుండా గూళ్ల జోలికి వెళ్లొద్దు. ఏటా అదే కాలనీ (పక్షులు గుంపుగా గూళ్లు కట్టే చోటు), అదే సీజన్, గూటికి ఒక్క గుడ్డు, కాలనీకి పది పదమూడు చాలు. నీళ్లలో వేస్తే తాజా గుడ్డు అడుగున పడుకుంటుంది, తేలితే వద్దు, మన వంటింటి కోడిగుడ్డు పరీక్షే అనుకోండి. లోపలిదంతా ద్రావకంతో కడిగిన గాజు సీసాలోకి తీసి బాగా కలపండి. కొవ్వు, తేమ శాతాలు కూడా రాసుకోండి, అవి లేకపోతే ఈ ఏడాది అంకెను పాతదాంతో పోల్చలేం.

గుడ్డులో నైట్రోజన్ ఐసోటోపులూ (బరువులో తేడా ఉన్న నైట్రోజన్ పరమాణువులు) చూడండి, వాటి నిష్పత్తిని బట్టి పక్షి ఏం తింటోందో అంచనా వేయొచ్చు. చేపలు దొరక్క పక్షి చెత్తకుప్పల మీద పడితే విషం తగ్గినట్టు కనిపిస్తుంది, తగ్గింది సరస్సులో కాదు, దాని తిండిలో.

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం, ప్రతి నమూనాలో కొంత ఫ్రీజర్‌లో దాచడం. 1981 నుంచి అలా దాచినవి తర్వాత తీసి చూస్తేనే, మంటలను అడ్డుకోవడానికి ఫోముల్లో, ప్లాస్టిక్‌లో కలిపే పీబీడీఈలు ఏటేటా ఎలా పెరిగాయో బయటపడింది.