చెక్కలో అక్షరాలు: స్క్రోల్ సా నేర్చుకుందాం (4వ పాఠం – లోపలి కోత)

కిందటి పాఠంలో ఇచ్చిన అలల గీతలు ఈపాటికి పదో పన్నెండో కోసి ఉంటారు. కోసినవాళ్ళకి ఒక సంగతి తెలిసొచ్చి ఉండాలి. స్క్రోల్ సా మీద, అంటే సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ కోసే ఈ మిషన్ మీద, వంపు గీత కంటే తిన్నని గీతే కష్టం. స్కేలు పెట్టి గీసిన గీత మీద పది సెంటీమీటర్లు నడిపేసరికి బ్లేడు పక్కకి జరిగిపోతుంది. అది మీ చేతి తప్పు కాదు. చాలా రకాల బ్లేడ్లు తయారయ్యేటప్పుడే పళ్ళకి ఒక పక్కన సన్నని గరుకు అంచు మిగిలిపోతుంది. ఆ పక్క కొంచెం ఎక్కువ కోస్తుంది, అందుకని బ్లేడు అటే లాగుతుంది. తిన్నగా రావాలంటే చెక్కని కొద్ది డిగ్రీలు ఓరగా పెట్టి తోయాలి. ఎంత ఓరగా, ఎటు ఓరగా అన్నది కొత్త బ్లేడు వేసిన ప్రతిసారీ వృథా ముక్క మీద ఒక గీత కోసి చూసుకోవాల్సిందే. వంపులో ఈ బాధ అంతగా కనపడదు. చెయ్యి ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఆ లాగుడు అందులో కలిసిపోతుంది.

అందుకే ఈ రంపానికీ మన లిపికీ బాగా కుదురుతుందని నేను నమ్ముతాను. తాటాకు మీద గంటంతో గీస్తే తిన్నని గీతలు ఆకుని చీలుస్తాయనీ, మన అక్షరాలు గుండ్రంగా తిరగడానికి అదొక కారణమనీ పెద్దలు చెబుతారు. ఇంగ్లీషు నేమ్‌ప్లేట్ కోసేవాళ్ళు హెచ్, ఇ, టి లాంటి అక్షరాల నిలువు గీతలతో తంటాలు పడతారు. మనకి ఆ పని తక్కువ. అయితే మన గుండ్రాలతో వచ్చే చిక్కు వేరే ఉంది. గుండ్రంగా తిరిగిన గీత చాలాచోట్ల మూసుకుపోతుంది. సున్నానే చూడండి, దాని కడుపులోని చెక్క తీయడానికి బయటినుంచి దారే లేదు. రంధ్రం పెట్టి, అందులోంచి బ్లేడు దూర్చి, లోపలే కోసి బయటపడాలి. ఈ పాఠమంతా ఆ పని గురించే.

ముందు బ్లేడు సంగతి. పిన్ను (బ్లేడు చివరల్లో అడ్డంగా ఉండే చిన్న కడ్డీ) ఉన్న బ్లేడు, పిన్ను లేని బ్లేడు అని రెండు రకాలున్నాయని మొదటి పాఠంలో చెప్పుకున్నాం. లోపలి కోతకి పిన్ను లేనిదే కావాలి. పిన్ను దూరాలంటే రంధ్రం బాగా పెద్దది పెట్టాలి, చిన్న అక్షరం కడుపులో అంత చోటు ఉండదు. పిన్ను లేని 5 అంగుళాల బ్లేడు వెడల్పు సుమారు ఒక మిల్లీమీటరు. 1.5 లేదా 2 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో పెట్టిన రంధ్రంలోంచి హాయిగా దూరుతుంది. మీ మిషన్ పిన్ను బ్లేడ్లకే పనికొచ్చేదైతే, పిన్ను లేనివి పట్టే అడాప్టర్ దానికి దొరుకుతుందేమో ముందు కనుక్కోండి.

6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కి 3వ నంబరు బ్లేడు చాలు, 5వ నంబరు అయినా ఫర్వాలేదు. రివర్స్ టూత్ రకం దొరికితే అదే తీసుకోండి. అందులో కింది చివరన ఉండే కొన్ని పళ్ళు పైకి తిరిగి ఉంటాయి, దానివల్ల చెక్క అడుగు వైపు పీచులు లేవవు. మిగతా పళ్ళన్నీ కిందికే చూస్తూ ఉండాలి. సరిగ్గా కనపడకపోతే వేలి కొసతో బ్లేడుని పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి మెల్లగా నిమిరి చూడండి. పైకి నిమిరినప్పుడు పళ్ళు వేలికి పట్టుకుంటే బ్లేడు సరిగ్గా ఉన్నట్టు.

కొత్త బ్లేడ్ల మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె పలచగా ఉంటుంది. ఆ నూనెతోనే బిగిస్తే కోత మధ్యలో, బ్లేడు చివరని పట్టుకునే క్లాంపులోంచి బ్లేడు జారిపోతుంది. రెండు చివరలనీ సాండ్‌పేపర్‌తో ఒకసారి రుద్ది బిగిస్తే ఆ ఇబ్బంది ఉండదు. మొదట్లో నేను క్లాంపుల స్క్రూలని ఎంత బిగించినా బ్లేడు నిలవలేదు, ఈ సంగతి తెలిసేదాకా మిషన్‌లోనే ఏదో లోపం ఉందనుకున్నాను.

ఇప్పుడు సున్నా కోద్దాం. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అరచేతికి రెండింతలంత ముక్క తీసుకోండి. మరీ చవక రకం వద్దు, పొరల మధ్య ఖాళీలుంటే అక్కడ అంచు విరుగుతుంది. కాంపస్‌తో కాగితం మీద రెండు వృత్తాలు గీయండి. బయటిదాని వ్యాసం 60 మిల్లీమీటర్లు, లోపలిదాని వ్యాసం 36. చెక్క మీద ముందు మాస్కింగ్ టేప్ అంటించి, దాని మీద గ్లూ స్టిక్‌తో కాగితం అంటించండి, పని అయ్యాక కాగితం తేలిగ్గా ఊడొస్తుంది. కాగితం పైన మామూలు పారదర్శక ప్యాకింగ్ టేప్ ఒక వరస వేయండి. బ్లేడు ఒరుసుకుని అంచు నల్లబడటం ఆ టేప్‌తో బాగా తగ్గుతుంది, ముఖ్యంగా గట్టి చెక్కలో.

రంధ్రం లోపలి వృత్తంలోనే, గీతకి మూడు నాలుగు మిల్లీమీటర్ల దూరంలో పెట్టండి. గీత మీద మాత్రం పెట్టొద్దు, అక్కడ పడ్డ గుంట తర్వాత ఎంత రుద్దినా పోదు. అడుగున వృథా చెక్క ఒకటి ఆనించి డ్రిల్ చేయండి. అయ్యాక ముక్కని తిరగేసి రంధ్రం చుట్టూ లేచిన పీచుల్ని సాండ్‌పేపర్‌తో తీసేయండి. చాలామంది ఈ పని వదిలేస్తారు. ఆ పీచులు ఉండిపోతే చెక్క టేబుల్ మీద సమంగా ఆనదు, తిప్పుతుంటే ఊగుతుంది, గీత ఎందుకు తప్పుతోందో ఎంతకీ అర్థం కాదు.

ప్లగ్ తీసేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గే తీయాలి. బ్లేడుని బిగుతుగా లాగి ఉంచే టెన్షన్ లీవర్ వదులు చేసి, పై క్లాంపులోంచి బ్లేడు విడిపించండి. కింది క్లాంపులో అలాగే ఉండనివ్వండి. ఎడమ చేత్తో చెక్కని టేబుల్‌కి కాస్త పైన పట్టుకుని, కుడి చేతి రెండు వేళ్ళతో బ్లేడు కొస పట్టుకుని, రంధ్రంలోంచి పైకి వచ్చేలా చెక్కని దించండి. మొదటిసారి బ్లేడు కొస రంధ్రం చుట్టూ తడుముకుంటుంది, దొరకదు. చెక్క కింద టార్చి లైటు పెడితే రంధ్రం చుక్కలా వెలుగుతుంది, బ్లేడు కొస ఎక్కడుందో కనపడుతుంది. నాలుగైదు సార్లయ్యాక ఆ లైటు అక్కర్లేదు, వేళ్ళకే తెలిసిపోతుంది. కొసని పై క్లాంపులో పెట్టి బిగించి, టెన్షన్ ఇవ్వండి.

టెన్షన్ ఎంత? బ్లేడుని తంబురా తీగలా వేలితో మీటండి. మొద్దుగా దడదడమంటే టెన్షన్ చాలలేదన్నట్టు. సన్నగా, స్పష్టంగా టింగుమనాలి. పక్కనుంచి వేలితో నొక్కితే 3 మిల్లీమీటర్లకి మించి వంగకూడదు. లోపలి కోతలో టెన్షన్ తక్కువైతే మలుపులో బ్లేడు మధ్యలో విల్లులా వంగుతుంది. పైన గీత మీదే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ అడుగున కోత ఇంకెక్కడికో పోతుంది.

ఇక మొదలుపెట్టండి. స్పీడు మార్చుకునే మిషన్లలో బ్లేడు సాధారణంగా నిమిషానికి 400 నుంచి 1600 సార్ల దాకా ఆడుతుంది. ఇప్పటికి ఆరేడు వందలు చాలు. రంధ్రంలోంచి గీత వైపు ఎదురుగా వెళ్ళి ఠక్కున తిరగొద్దు. సర్వీసు రోడ్డు మీదనుంచి హైవేలోకి కలిసినట్టు ఓరగా వెళ్ళి గీతని అందుకోండి. అప్పుడు మొదలు, చివర కలిసేచోట గంటు పడదు. రెండు చేతుల వేళ్ళూ చెక్క మీద పరిచి ఉంచండి, ఏ వేలూ బ్లేడుకి ఎదురుగా ఉండకూడదు. తోయడం తక్కువ, తిప్పడం ఎక్కువ. బ్లేడు తనంతట తాను ఎంత తింటే అంతే ఇవ్వండి. బ్లేడు వెనక్కి వంగుతున్నట్టు కనపడితే మీరు తొందరపడుతున్నట్టే, లేదా బ్లేడు మొద్దుబారినట్టే. గట్టి చెక్కలో బ్లేడు పావుగంట, ఇరవై నిమిషాలకే అయిపోవచ్చు. దాన్ని సాగదీసి వాడటం పొదుపు కాదు. గీత చెడితే చెక్క పోతుంది, చెక్క ఖరీదు బ్లేడు కంటే ఎక్కువ.

లోపలి చక్రం ఊడిపడ్డాక మిషన్ ఆపి, ప్లగ్ తీసి, బ్లేడు బయటికి లాగండి. బయటి వృత్తం ఆఖర్న కోయాలి. ముందే బయటిది కోసేస్తే చేతిలో మిగిలేది చిన్న ముక్క. దాన్ని పట్టుకోవడానికి చోటుండదు, వేళ్ళు బ్లేడు దగ్గరికి జరుగుతాయి. ఎన్ని కోతలున్నా వరస ఇదే: లోపలివి ముందు, చిన్నవి ఇంకా ముందు, బయటి గీత అన్నిటికన్నా చివర.

సున్నాలో మూల లేదు. తలకట్టు దగ్గర, దీర్ఘం కొసల దగ్గర ఉంటుంది. అక్కడ రెండు పద్ధతులున్నాయి. ఒకటి, మూల దాకా వెళ్ళి, అదే దారిలో కొంచెం వెనక్కి వచ్చి, వృథా భాగంలో చిన్న చుట్టు తిరిగి రెండో గీత వైపునుంచి మూలకి రావడం. రెండోది, ఉన్నచోటే తిప్పడం. మూలలో చెక్కని ఒక వెంట్రుకవాసి మీ వైపుకి లాగి, బ్లేడు వీపు చెక్కకి ఆనేలా ఉంచి, ముందుకి తోయకుండా గబుక్కున తిప్పాలి. పళ్ళ వైపు ఆనితే చెక్క కోసుకుపోయి మూలలో గుంట పడుతుంది. మొదటిది నేర్చుకున్నాకే రెండోదాని జోలికి వెళ్ళండి.

ఇప్పుడు అసలైన చిక్కు, అక్షరం విడిపోవడం. నేను ఒక గృహప్రవేశానికి ఇద్దామని టేకు చెక్కలో ‘శ్రీ’ కోశాను. లోపలి కోతలన్నీ చక్కగా వచ్చాయి. బయటి గీత చివరి సెంటీమీటరు కోస్తుండగా కింది రకార వత్తు విడిగా టేబుల్ మీద పడింది. కాగితం మీద చూసినప్పుడు కన్ను ఆ రెంటినీ కలిపే చదివింది. చెక్కకి అలా చదవడం తెలియదు, మధ్యలో ఖాళీ ఉంటే అది రెండు ముక్కలే. చివరికి వెనక పలచని ప్లైవుడ్ అంటించి ఇచ్చాను. పుచ్చుకున్నవాళ్ళు సంతోషించారు గానీ, ఆ అతుకు నాకు ఇప్పటికీ గుర్తే.

అప్పటినుంచి ప్రతి డిజైన్‌కీ ఈ పరీక్ష చేస్తున్నాను. చెక్కగా మిగలాల్సిన భాగమంతా పెన్సిల్‌తో నలుపు చేయండి. నలుపు మీద వేలు పెట్టండి. వేలు ఎత్తకుండా, తెలుపు దాటకుండా నలుపులో అన్ని చోట్లకీ వెళ్ళగలగాలి. ఎక్కడికైనా వెళ్ళలేకపోతే ఆ ముక్క ఊడిపడుతుంది.

‘అమ్మ’ రాసి చూడండి. మకారపు వత్తు దగ్గర వేలు ఆగిపోతుంది. వత్తుని కాస్త పైకి జరిపి అక్షరానికి తాకించాలి, లేదంటే మధ్యలో వంతెన గీయాలి. 6 మిల్లీమీటర్ల ప్లైలో వంతెన వెడల్పు 5 మిల్లీమీటర్లకి తగ్గనివ్వొద్దు. మామూలు చెక్కయితే నార వెళ్ళే దిక్కుకే వంతెన ఉండాలి. నారకి అడ్డంగా ఉన్న సన్నని వంతెన సాండ్‌పేపర్ రుద్దుతుంటేనే పుటుక్కుమంటుంది. ‘ఠ’లో చుక్కకీ ఇదే కథ.

పలక మిగిలి అక్షరం రంధ్రంగా రావాలంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు వత్తు విడిగా ఉన్నా బాధ లేదు, అది ఇంకో రంధ్రం అంతే. సున్నా మాత్రం మోసం చేస్తుంది, దాని కడుపులో మిగలాల్సిన చెక్కే ఊడిపోతుంది. పైనుంచి కిందినుంచి రెండు వంతెనలు వేసి దాన్ని పలకకి పట్టి ఉంచాలి. పరీక్ష మాత్రం అదే, నలుపు మీద వేలు.

చెక్క గురించి ఒక మాట. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్లపొణికి లాంటి మెత్తటి చెక్క సులువుగా తెగుతుంది. కానీ నేర్చుకునేటప్పుడు అంత సులువు మంచిది కాదు, చెయ్యి కాస్త తూలినా గీత దాటిపోతుంది. టేకు బ్లేడుని త్వరగా మొద్దు చేస్తుంది. ఈ పాఠానికి ప్లైవుడ్డే సరిపోతుంది. ఏ చెక్కైనా సరే ఎన్95 మాస్కు లేకుండా కూర్చోవద్దు. చెక్క పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే ప్రకటించింది. ఈ మిషన్ నుంచి వచ్చేది మరీ సన్నని పొడి, కంటికి కనపడకుండానే ముక్కులోకి పోతుంది.

ఈ వారం మూడు సున్నాలు కోయండి. ఊడిపడ్డ లోపలి చక్రాల్ని పారేయొద్దు. ఒక్కోదాన్నీ దాని సున్నాలో మళ్ళీ పెట్టి పైనుంచి నెట్టండి, తర్వాత తిరగేసి అడుగునుంచి నెట్టండి. రెండు వైపులా సమంగా జారితే మీ టేబుల్ బ్లేడుకి సరిగ్గా 90 డిగ్రీల్లో ఉంది. ఒక వైపే జారి, రెండో వైపు బిరడాలా బిగుసుకుంటే టేబుల్ వాలింది. మూలమట్టం పెట్టి సరిచేసి ఇంకొక సున్నా కోయండి. చక్రం రెండు వైపులా జారాకే ‘అమ్మ’ కాగితం చెక్క మీద అంటించండి. వచ్చే పాఠంలో దాన్ని కోద్దాం.