ఏడాది బియ్యం ఒకేసారి కొని, పురుగు పట్టకుండా దాచుకోవడం ఎలా?

మా ఇంట్లో అరిగిపోయిన సబ్బు ముక్కని కొత్త సబ్బుకి అతికిస్తాం. టూత్‌పేస్టు ట్యూబుని కత్తెరతో కోసి ఇంకో నాలుగు రోజులు లాగిస్తాం. బియ్యం కడిగిన నీళ్లు గేదెకి పోతాయి, గేదె లేని రోజు కరివేపాకు చెట్టుకి పోతాయి. మా ఆడపడుచులు నాకు పిసినారి అని పేరు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఆ పేరుతో నాకు పేచీ లేదు. అయితే ఇవన్నీ కలిపినా నెలకు మూడు వందలు మిగిలితే గొప్ప. నిజంగా డబ్బు మిగలాలంటే ఇంట్లో ఎక్కువగా ఖర్చయ్యేదాని మీద చెయ్యి పెట్టాలి. నెల్లూరోళ్ల ఇంట్లో అది అన్నమే.

అందుకే ఏటా కోతలప్పుడు ఒక పుట్టి వడ్లు కొంటాను, ఏడాదంతా అవే ఆడించుకుని తింటాం. ఇది చూసి మా వీధిలో నలుగురైదుగురు మొదలుపెట్టారు. ఇద్దరివి ముక్కిపోయాయి, ఒకరివి సగం నూకయ్యాయి. ఒకావిడైతే ఇంట్లో మందు బిళ్లలు పెట్టి మమ్మల్నందర్నీ హడలగొట్టింది. అడిగి చేసుంటే ఇంత దాకా వచ్చేది కాదు.

కావలసినవి

పెద్ద బరకం పట్టాలు రెండు, గోనె సంచులు పన్నెండు, సంచుల కింద వేయడానికి చెక్క పలకలు, ఒక చేట, మూత గట్టిగా పట్టే గాజు సీసా, గుప్పెడు ఉప్పు. ఎండ బాగా తగిలే మిద్దె. ఇంతే.

కొనడం

మన వైపు అసలు పంట రబీ. ఫిబ్రవరి నెలాఖరు నుంచి ఏప్రిల్ దాకా కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, ఇందుకూరుపేట ఎటు వెళ్లినా కోత మిషన్లే కనిపిస్తాయి. ఎవరో ఒకరు చుట్టమో, తెలిసినవాళ్లో ఉండకపోరు. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. ఐదుగురున్న ఇంటికి ఏడాదికి సరిపోతుంది. మొదటిసారి అయితే అరపుట్టితో మొదలుపెట్టండి.

రకం విషయంలో నాకు రెండో మాట లేదు, నెల్లూరు మసూరి కొనండి. మన నెల్లూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం తెచ్చిన ఎన్ఎల్ఆర్ 34449 అదే. బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204 మంచిది కాదని అనను గానీ, మా ఇంట్లోకి రానివ్వను. మా అత్త మటుకు చివరి దాకా మొలగొలుకులు అనే పాత రకం పేరే తలుచుకునేది. ఆ అన్నం ముందు ఇవన్నీ గడ్డి అనేది.

బేరం దగ్గర ఒక మాట. 2024-25లో గ్రేడ్-ఏ ధాన్యానికి ప్రభుత్వ మద్దతు ధర క్వింటాలుకి 2,320 రూపాయలు, అంటే పుట్టికి 19,720. ఏ ఏడాది మద్దతు ధర ఎంతో తెలుసుకుని ఆ లెక్కనే ఇవ్వండి, ఒక్క రూపాయి తగ్గించి అడగొద్దు. నేను పిసినారినే, కానీ రైతు దగ్గర కాదు. పైగా ఆ ధర ఇస్తే, "అక్కా, నీకు ఏ కుప్ప కావాలో చూసుకో" అని ఆయనే అంటాడు. ఆ ఎంచుకునే వీలే మనకి లాభం. చెయ్యి కుప్ప లోపలికి మోచేతి దాకా పెట్టి చూడండి. లోపల వెచ్చగా ఉంటే వద్దు. గుప్పెడు చేటలో వేసి చెరగండి, తాలు ఎక్కువ ఎగిరినా వద్దు.

ఇక లెక్క. 850 కిలోల పచ్చి వడ్లు ఆరాక సుమారు 780 అవుతాయి. ఆడిస్తే నాకు 500 కిలోల బియ్యం వస్తున్నాయి. పై ధరతో కిలో నలభై లోపు పడుతుంది. ఆటో, కూలి, ఆడించిన డబ్బు కలిపితే ఇంకో మూడు నాలుగు రూపాయలు. షాపులో మంచి సన్నబియ్యం ఆ ధరకి దొరికితే హాయిగా అక్కడే కొనుక్కోండి. నాకూ చెప్పండి. షాపుల్లో బస్తా 26 కిలోలు ఎందుకుంటుందో తెలుసా? 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడింది. అది తప్పించుకోవడానికి ఆ ఒక్క కిలో. నా కన్నా పిసినార్లు లోకంలో ఉన్నారన్నమాట.

ఆరబెట్టడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే.

పాత రోజుల్లో కోసిన పనలు పొలంలోనే ఆరేవి, తర్వాత కుప్ప వేసేవాళ్లు, ఎప్పటికో నూర్చేవాళ్లు. వడ్లు ఇంటికొచ్చేసరికి గలగలలాడేవి. అందుకే మా అమ్మమ్మ వాళ్లు నేరుగా గరిసెలో పోసినా ఏమీ అయ్యేది కాదు. ఇప్పుడు మిషన్ పొద్దున కోస్తుంది, మధ్యాహ్నానికి వడ్లు ట్రాక్టరులో ఉంటాయి. వాటిలో తేమ ఇరవై శాతం కూడా ఉండొచ్చు. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాకా తీసుకుంటారు కదా, అదే చాలని మా ఎదురింటాయన వాదన. అది కొనడానికి లెక్క, ఏడాది దాచడానికి కాదు. దాచాలంటే 13కి రావాలి. ఆయన వడ్లే ముందు ముక్కాయి.

అలాగని ఎండలో పడేసి మాడ్చడమూ తప్పే. మొదటి ఏడాది నేను చేసింది అదే. ఏప్రిల్ ఎండ, సిమెంటు మిద్దె, పల్చగా పరిచి పొద్దున్నుంచి సాయంత్రం దాకా వదిలేశాను. తొందరగా ఆరిపోయాయని సంబరపడ్డాను. మిల్లులో పోస్తే సగం నూక. గింజ పైన బిగుసుకుపోయి లోపల ఇంకా తడి ఉంటే సన్నటి పగులు వస్తుంది. బయటికి కనిపించదు. మిల్లు రాపిడికి అక్కడే విరుగుతుంది. ఆ ఏడాది మా ఇంట్లో దసరా దాకా నూక ఉప్మానే. మా ఆయన ఇప్పటికీ ఉప్మా అంటే లేచి వెళ్లిపోతారు.

కాబట్టి ఇలా చేయండి. పుట్టి వడ్లకి మూడు వందల యాభై చదరపు అడుగులు కావాలి. అంత చోటు లేకపోతే రెండు విడతలుగా ఆరబెట్టండి, మందంగా మాత్రం పోయొద్దు. రెండంగుళాలకి మించకూడదు. నేల మీద కాదు, పట్టా మీద. రోడ్డు మీద అసలు వద్దు. తారు వేడికి గింజ పగులుతుంది, రాళ్లు కలుస్తాయి, బండ్ల మీద వెళ్లేవాళ్లు జారి పడతారు.

పొద్దున మిద్దె మీద చెమ్మ ఆరాక, ఎనిమిదిన్నరకి పరచండి. అరగంటకోసారి కాళ్లతో సాళ్లు తీస్తూ తిరగేయండి. అరగంట అంటే అరగంటే, సీరియల్ అయిపోయాక కాదు. పదకొండున్నరకి మొత్తం కుప్పగా చేసి రెండో పట్టా కప్పేయండి. మూడు దాకా ముట్టుకోవద్దు. ఈ మాట చెప్తే అందరూ నవ్వుతారు, ఎండ ఉన్నప్పుడే కదా ఆరబెట్టాలి అని. ఆ మూడున్నర గంటల్లో గింజ లోపలి తడి నెమ్మదిగా పైకి వస్తుంది. మూడింటికి మళ్లీ పరిస్తే ఆ తడి తేలిగ్గా పోతుంది. ఐదింటికి ఎత్తేయండి.

రాత్రి మిద్దె మీద వదలొద్దు. సముద్రం దగ్గర ఊళ్లు మనవి, తెల్లారేసరికి పట్టా చెమ్మగిల్లుతుంది. ఆరిన గింజ మళ్లీ తడిస్తే పచ్చి గింజ కన్నా ఎక్కువ పగులుతుంది. బద్ధకించి కప్పి వదిలేసినవాళ్లకి కూడా నూకే మిగిలింది.

ఇలా రెండు మూడు రోజులు పడుతుంది. ఆరాయో లేదో చూడ్డానికి పంటి కింద పెట్టి కొరకండి. టక్కుమని విరగాలి. మెత్తగా నలిగితే ఇంకో రోజు ఎండ కావాలి. పంటి మీద నమ్మకం లేకపోతే సీసా ఉంది కదా. ఉప్పుని పెనం మీద వేయించి, చల్లారాక పొడి సీసాలో వేసి, గుప్పెడు వడ్లు పోసి మూత పెట్టి ఊపండి. పావుగంట ఆగి చూడండి. ఉప్పు సీసాకి అంటుకుంటే తేమ 15 దాటినట్టే. అంటుకోకపోయినా సంబరపడొద్దు, ఇంకో పూట ఎండ చూపించండి.

ఇంకా ఒకటుంది, ఆరబెట్టడం బాగా వచ్చినవాళ్లు కూడా ఇక్కడ తప్పు చేస్తారు. వేడిగా ఉన్న వడ్లని సంచుల్లో నింపొద్దు. సంచి లోపల చెమట పడుతుంది, వారానికి మధ్యలో బూజు. చివరి రోజు సాయంత్రం వడ్లని ఇంట్లోకి తెచ్చి గచ్చు మీద పట్టా పరిచి వదిలేయండి, ఫ్యాన్ వేయండి. కరెంటు ఖర్చు గురించి ఆలోచించకండి, నేనే ఆలోచించడం లేదు. తెల్లారి చల్లబడ్డాక నింపండి.

దాచడం

సంచులు పాతవైతే వేడినీళ్లలో ఉడకబెట్టి ఎండబెట్టాలి, కుట్లలో ముక్క పురుగులు దాక్కుని ఉంటాయి. గోడకి జానెడు ఎడం, నేలకి ఎత్తు. నేను మొదట్లో రెండిటుకల మీద పలకలు వేసేదాన్ని. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు ఆ ఎత్తు చాలదని తెలిసొచ్చింది, కింది వరస సంచులు రెండూ పోయాయి. ఇప్పుడు మంచమంత ఎత్తు బల్ల చేయించాను. ఎండిన వేపాకు సంచుల మధ్య వేయండి. పచ్చిది వేసి చెమ్మ పెట్టేవాళ్లూ ఉన్నారు.

ఎరువుల కొట్టులో పురుగుకి ఇచ్చే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు మనుషులుండే ఇంట్లో పెట్టొద్దు. చెమ్మ తగిలితే విషపు గాలి వస్తుంది, నిద్రలోనే ప్రాణాలు పోతాయి. బియ్యంలో బోరిక్ పౌడరు కలపడం కూడా మానేయండి. కడిగితే పోతుందిలే అనుకుని తింటున్నారు జనం.

ఆడించడం

ఒకేసారి మొత్తం ఆడించొద్దు. పొట్టు ఉన్నంత కాలం గింజకి కాపలా ఉన్నట్టే. రెండు నెలలకి సరిపడా ఆడించండి, పాలిష్ తక్కువ పట్టమని నిలబడి చెప్పండి. మిల్లబ్బాయి వింతగా చూస్తాడు. పాలిష్ తగ్గితే బియ్యం ఎక్కువొస్తుంది, రుచీ ఉంటుంది, కాకపోతే తొందరగా పురుగు పడుతుంది. అందుకే రెండు నెలలు అన్నాను.

కొత్త వడ్లు ఐదారు నెలలు ఆగాలి, లేకపోతే అన్నం ముద్దవుతుంది. ఏప్రిల్లో కొన్నవి మేము దసరాకి మొదలుపెడతాం, అప్పటిదాకా పాతవి. మొదటి ఏడాది మీకు పాతవి ఉండవు కాబట్టి ఆ ఆరు నెలలు షాపు బియ్యమే తినండి. ఆగలేక ముందే ఆడిస్తే అవి పొంగలికి, దోసెలకి వాడుకోండి.

తవుడు మిల్లులో వదిలేసి రాకండి. కొన్ని మిల్లుల్లో తవుడు ఉంచుకుని కూలి తగ్గిస్తారు. నేను డబ్బే కట్టి తవుడు తెచ్చుకుంటాను. మా పాలామె ఒక బస్తా తవుడికి ఎన్ని లీటర్లు పోస్తుందో ముందే మాట్లాడుకున్నాం, రోజూ క్యాలెండరు మీద గీత పెడతాను. పోయిన నెల ఆమె రెండు గీతలు ఎక్కువున్నాయంది. మేమిద్దరం అరగంట కూర్చుని లెక్కపెట్టాం. ఒకటే ఎక్కువ.