రెండు పికప్‌లు కలిపితే శబ్దం పీలగా ఎందుకు వచ్చింది?
నేను కట్టించుకున్న ఎలక్ట్రిక్ గిటార్‌కి మూడు పికప్‌లు (స్ట్రింగ్స్ కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చేవి) ఉన్నాయి. బ్రిడ్జ్ దగ్గర హంబకర్ (రొదని అణచే జంట చుట్టల పికప్), మధ్యలోనూ నెక్ దగ్గరా సింగిల్ కాయిల్స్ (ఒకే చుట్ట ఉన్నవి) పెట్టించాను. మూడూ సింగిల్ కాయిల్స్ అయితే ఆంప్‌లో గెయిన్ (సిగ్నల్ బలం) పెంచగానే 50 హెర్ట్జ్ కరెంటు రొద మొదలవుతుంది. అన్నీ హంబకర్లే అయితే క్లీన్ టోన్‌లో ఆ గలగల ఉండదు.

బిగించాక చిక్కొచ్చింది. స్విచ్‌ని బ్రిడ్జ్, మధ్య పికప్‌లు కలిసే చోట పెడితే బేస్ మాయం! విడివిడిగా రెండూ బాగానే పలుకుతున్నాయి. అంటే ఫేజ్ తిరగబడిందన్నమాట: ఒకదాని సిగ్నల్ పైకి వెళ్తుంటే రెండోదానిది కిందికి వెళ్లి, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వేర్వేరు కంపెనీల పికప్‌లు కలిపినప్పుడు ఇది మామూలే. మధ్యదాని తీగలు మారిస్తే నెక్‌తో కలిసే చోట అదే రోగం వస్తుంది. అందుకని హంబకర్ హాట్ (సిగ్నల్ మోసేది), గ్రౌండ్ తీగలనే తారుమారు చేశాను. షీల్డ్ తీగని (లోహపు కవచానికి కలిసినదాన్ని) మాత్రం గ్రౌండ్‌కే ఉంచాను. దానికి నాలుగు తీగలున్నాయి కాబట్టి సరిపోయింది. గ్రౌండూ షీల్డూ ఒకటే అయిన పాతకాలపు అల్లిక తీగ ఉంటే, ఇలా తారుమారు చేసినప్పుడు లోహపు కవచమే హాట్ అయిపోతుంది.

ఇంకొకటి. 500 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే, తిప్పితే మారే రెసిస్టర్) హంబకర్‌కి సరే, సింగిల్ కాయిల్ మాత్రం చెవుల్లో గుచ్చుతుంది. నెక్ పికప్ హాట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 470 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వేశాను. దానికి సుమారు 250 కిలో ఓమ్‌ల పాట్ ఉన్నట్టే లెక్క. మధ్యదాన్ని ఒంటరిగా నేనెలాగూ వాడను కాబట్టి దానికి వేయలేదు.