కెమెరా కాదు, లెన్స్ మార్చాను
నెల్లూరు టౌన్‌హాల్లో కచేరీలు తీస్తుంటే గాయని ముఖం బాగానే వచ్చేది, మృదంగం మీద వేళ్లు మాత్రం అలికేసినట్టుండేవి. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా బాడీ ధర చూస్తే కళ్లు తిరిగాయి. చిన్న సెన్సర్ ఉన్న నా పాత క్రాప్ సెన్సర్ కెమెరాకే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ తగిలించాను. ఎఫ్ అంకె ఎంత తగ్గితే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది. జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోయే, కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్ కంటే ఇది దాదాపు 10 రెట్లు వెలుతురు లాగుతుంది. షట్టర్ 1/250 సెకను, ఐఎస్ఓ (వెలుతురును ఎంత పెంచి చూపాలనే సెట్టింగ్) 3200, తర్వాత దిద్దుకోవడానికి వీలైన రా ఫైల్. గ్రెయిన్ (చుక్కచుక్కలు) వస్తే రానీండి, కదిలిన ఫొటోను బాగుచేయడమే కష్టం. ఫ్లాష్ జోలికి పోను, విద్వాంసులకు చిరాకు. ఎల్‌ఈడీ లైట్లకు అడ్డచారలు పడితే షట్టర్ 1/100కి దించి చూస్తాను, మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. ఆ షట్టర్‌కు వేగంగా కదిలే వేళ్లు మళ్లీ అలికేసినట్టు వస్తాయి, అప్పుడిక తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) వదిలేసి, గాయని రాగం పాడే ఆలాపనలోనే ఫొటోలు తీసుకోవాలి. కొత్త బాడీ కొనేవాళ్లు యాంటీ ఫ్లికర్ (లైట్ల మినుకును చూసి షట్టర్ వేసే సదుపాయం) ఉన్నదే చూసుకోండి.