పోర్టింగ్ పాఠాలు – 4: కంపైలయ్యాక మొదలయ్యే తేడాలు

పోయిన పాఠంలో ‘మండలాలు’ అనే చిన్న సీ ప్రోగ్రామ్‌ని డెబియన్ లైనక్స్ మీద కట్టి (బిల్డ్ చేసి) నడిపించాం. ఒక టెక్స్ట్ ఫైల్లో వరసకొక మండలం పేరు, కామా, జిల్లా పేరు ఉంటాయి. ప్రోగ్రామ్ వాటిని చదివి జిల్లాల వారీగా పేర్చి చూపిస్తుంది. ఇప్పుడు అదే సోర్స్‌ని విండోస్‌కీ, ఆల్పైన్ లైనక్స్‌కీ పట్టుకెళ్దాం. పోర్టింగ్ అంటే ఇదే. ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్, కాలేజీ ల్యాబ్‌లో లైనక్స్ ఉన్నవాళ్లకు ఈ అవసరం రోజూ పడేదే.

ఫైల్ తెరవడం, మెమరీ అడగడం, తెరమీద అచ్చువేయడం మన కోడ్ సొంతంగా చేయదు, సీ రన్‌టైమ్ లైబ్రరీని పిలుస్తుంది. డెబియన్‌లో ఆ లైబ్రరీ జీలిబ్‌సీ. ఆల్పైన్‌లో మజిల్. విండోస్‌లో 2015 నుంచి యూసీఆర్‌టీ, అంతకుముందు నుంచీ ఉన్నది ఎంఎస్‌వీసీఆర్‌టీ. డెబియన్, ఆల్పైన్ రెండింటి కింద ఉన్నది ఒకే లైనక్స్ కెర్నల్ అన్నది గుర్తుంచుకోండి. అయినా ప్రోగ్రామ్ రెండు చోట్లా ఒకేలా నడుస్తుందన్న హామీ లేదు.

ముందు తేలికైన సంగతి. ఫైల్ నుంచి ఒక వరస చదవడానికి మనం వాడిన గెట్‌లైన్ ఫంక్షన్ విండోస్‌లో లేదు. కట్టేటప్పుడే ఎర్రర్ వస్తుంది కాబట్టి ఇది మంచి కష్టమే. ‘కంపాట్’ అని వేరే ఫైల్ పెట్టి, గెట్‌లైన్ పని చేసే ఫంక్షన్ అందులో రాసుకోండి. అసలు కోడ్‌ని ముట్టుకోకండి. ‘విండోసైతే ఇది, కాకపోతే అది’ అని కంపైలర్‌కి చెప్పే ‘ఇఫ్‌డెఫ్’లు పేజీకి పది చల్లిన సోర్స్‌ని ఆరు నెలలయ్యాక రాసినవాడే చదవలేడు.

ఇక్కడ ‘ఇది లైనక్సా, విండోసా?’ అని అడగకూడదు, ‘ఈ ఫంక్షన్ ఉందా?’ అని అడగాలి. స్ట్రింగ్‌ని కాపీ చేసే స్ట్రెల్‌కాపీ ఫంక్షన్‌నే తీసుకోండి. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని 1998లో తెచ్చింది. జీలిబ్‌సీలోకి వచ్చింది 2023లో, 2.38 వెర్షన్‌తో. అంటే డెబియన్ 12లో లేదు, డెబియన్ 13లో ఉంది. రెండూ లైనక్సే! ఆటోకాన్ఫ్, సీమేక్, మెసాన్ లాంటి బిల్డ్ సాధనాలు చిన్న పరీక్ష ప్రోగ్రామ్ కట్టి చూసి ఈ జవాబు చెబుతాయి. మజిల్ రాసినవాళ్లయితే ‘ఇది మజిల్’ అని గుర్తుపట్టే మాక్రోనే కావాలని పెట్టలేదు. నాకది సబబుగానే తోస్తుంది.

అసలు తలనొప్పి తర్వాతది. కంపైలవుతుంది, నడుస్తుంది, జవాబు మాత్రం వేరేగా వస్తుంది.

సగం వరసలు విండోస్ నోట్‌ప్యాడ్‌లో, సగం లైనక్స్‌లో రాసిన ఫైల్‌ని డెబియన్‌లో ఇచ్చి చూడండి. విజయనగరం జిల్లా రెండు సార్లు కనబడవచ్చు. విండోస్‌లో ప్రతి వరస చివరా క్యారేజ్ రిటర్న్, లైన్‌ఫీడ్ అని రెండు గుర్తులుంటాయి. ఫైల్‌ని టెక్స్ట్ మోడ్‌లో తెరిస్తే అక్కడి లైబ్రరీ మొదటిదాన్ని చడీచప్పుడు లేకుండా తీసేస్తుంది. లైనక్స్ లైబ్రరీ తీయదు. దాంతో నోట్‌ప్యాడ్‌లో రాసిన వరసలో జిల్లా పేరు వెనక కంటికి కనబడని తోక మిగులుతుంది. లైనక్స్‌లో రాసిన వరసలో మిగలదు. రెండూ ఒకే ఫైల్లో కలిస్తే ప్రోగ్రామ్ లెక్కలో అవి రెండు జిల్లాలు. అన్ని చోట్లా ఫైల్‌ని, ఏ మార్పూ లేకుండా చదివే బైనరీ మోడ్‌లోనే తెరిచి, తోక ఉంటే మనమే కోసేయడం మందు.

రెండోది పేర్చడం. మన పోలిక ఫంక్షన్ జిల్లా పేరొక్కటే చూస్తుంది. ఒకే జిల్లా మండలాలు దానికి సమానం. సమానమైనవాటిని ఏ వరసలో ఉంచాలో సీ ప్రమాణం పేర్చే ఫంక్షన్ క్యూసార్ట్‌కి చెప్పలేదు. జీలిబ్‌సీ సాధారణంగా మెర్జ్ సార్ట్ వాడుతుంది, కాబట్టి ఫైల్లో ఉన్న వరసే నిలుస్తుంది. మజిల్ వాడేది స్మూత్‌సార్ట్, అది నిలపదు. డెబియన్‌లో ఆమదాలవలస, టెక్కలి, పలాస అని వచ్చినవి ఆల్పైన్‌లో తారుమారు కావచ్చు. తప్పు మజిల్‌ది కాదు, ఇవ్వని హామీని నమ్ముకున్న మన కోడ్‌ది. జిల్లాలు సమానమైతే మండలం పేరు, అదీ సమానమైతే వరస సంఖ్య చూడమని పోలిక ఫంక్షన్లో రాయండి.

పేర్లు పోల్చడానికి స్ట్రింగ్‌కంపేర్ వాడితే అన్ని చోట్లా ఒకే వరస వస్తుంది, కానీ అది యూనికోడ్ వరస. అందులో ‘ళ’ ‘వ’ కంటే ముందుంటుంది, మన వర్ణమాల వరస కాదు. స్ట్రింగ్‌కొలేట్ వాడితే జీలిబ్‌సీ ఆ మెషీన్లో తెలుగు లొకేల్ (భాష అమరికలు) ఉంటే దాని ప్రకారం పోలుస్తుంది. మజిల్‌లో స్ట్రింగ్‌కొలేట్ అంటే స్ట్రింగ్‌కంపేరే. వర్ణమాల వరసే కావాలంటే లైబ్రరీ మీద ఆశ పెట్టుకోకుండా ఆ పట్టిక మనమే రాసుకోవాలి.

మూడోది ఫైల్ పేరు. ‘విజయనగరం’ అని తెలుగులో పేరు పెట్టి విండోస్‌లో నడపండి. నేర్చుకునే కుర్రాడొకడు అన్న మాట చెబుతాను: “ఏటి మాస్టారూ, ఫైలేమో ఎదురుగా కనబడతంది, ఇదేమో లేదంటంది!” మామూలుగా విండోస్‌లో ఫైల్ తెరిచే ఎఫ్‌ఓపెన్ పేరుని ఆన్సీ కోడ్‌పేజీలో, అంటే ఆ మెషీన్ భాషకు పెట్టిన పాత అక్షరాల పట్టికలో చదువుతుంది. తెలుగుకి విండోస్‌లో ఆన్సీ కోడ్‌పేజీ ఎప్పుడూ లేదు. కమాండ్ లైన్‌లో తెలుగు పేరిస్తే మెయిన్‌కి చేరేసరికి ప్రశ్నార్థకాలవుతాయి. దారులు రెండు. యూటీఎఫ్-16 పేరు తీసుకునే డబ్ల్యూఎఫ్‌ఓపెన్‌ని ‘కంపాట్’ ఫైల్లో పెట్టుకోవడం ఒకటి. విండోస్ 10 వెర్షన్ 1903 నుంచి, ప్రోగ్రామ్‌కి జతచేసే మానిఫెస్ట్‌లో యూటీఎఫ్-8ని కోడ్‌పేజీగా ప్రకటించడం రెండోది. పాత విండోస్ మీకు అక్కర్లేకపోతే రెండోదే పట్టుకోండి, కోడ్ శుభ్రంగా ఉంటుంది. పరీక్షకు తెలుగు పేర్లే వాడమని నేను పట్టుబట్టేది ఇందుకే. ఇంగ్లీషు పేర్లతో ఈ తప్పు ఏళ్ల తరబడి బయటపడదు. అన్నట్టు, ‘విజయనగరం’ యూటీఎఫ్-8లో 24 బైట్లు. పేరుకి 20 బైట్లు చాలనుకున్న కోడ్ మన ఊరి దగ్గరే కూలబడుతుంది.

కట్టిన ప్రోగ్రామ్‌ని ఇంకో మెషీన్‌కి మోసుకెళ్లడం మరో గొడవ. డెబియన్ 13లో కట్టినదాన్ని డెబియన్ 11లో నడిపితే జీలిబ్‌సీ 2.34 కావాలంటుంది. అక్కడున్నది 2.31. ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే లోపలి ఫంక్షన్‌కి 2.34లో కొత్త వెర్షన్ గుర్తు వచ్చింది, అందుకే ఏ పనీ చేయని ఖాళీ ప్రోగ్రామ్ కూడా ఆగిపోతుంది. మీకు కావలసినవాటిలో అన్నిటికంటే పాత సిస్టమ్ మీద కట్టండి, కొత్తవాటి మీద నడుస్తుంది. అదే బైనరీని ఆల్పైన్‌లో నడిపితే ‘నాట్ ఫౌండ్’ అంటుంది. దొరకనిది మీ ప్రోగ్రామ్ కాదు, దాన్ని లోడ్ చేయాల్సిన జీలిబ్‌సీ లోడర్. ఈ సందేశం చూసి పాత్ సరిచేస్తూ కూర్చోకండి.

విండోస్‌లో ప్రోగ్రామ్‌లు కట్టడానికి ఎమ్‌సిస్2 వాడేవాళ్లకు ఒక మాట. అందులోని యూసీఆర్‌టీ64 ఎన్విరాన్‌మెంట్‌తో కట్టిన ప్రోగ్రామ్‌కి, పాత ఎంఎస్‌వీసీఆర్‌టీతో కట్టిన డీఎల్‌ఎల్ (విండోస్ లైబ్రరీ ఫైల్) అతికించకండి. ఒక రన్‌టైమ్ ఇచ్చిన మెమరీని ఇంకో రన్‌టైమ్‌లో ఫ్రీ చేయడం బొబ్బిలి సొసైటీలో తీసుకున్న అప్పు చీపురుపల్లి సొసైటీలో కట్టడం లాంటిది. అక్కడి పుస్తకంలో ఆ ఖాతాయే ఉండదు. డీఎల్‌ఎల్ ఇచ్చిన మెమరీని విడిపించే ఫంక్షన్ కూడా ఆ డీఎల్‌ఎల్‌లోనే ఉండాలి.

అభ్యాసం: రాజాం మండలం 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాకు మారింది. పాత జిల్లాతో ఒక వరస, కొత్త జిల్లాతో ఒక వరస రాయండి. మిగతా ఫైల్లో సగం వరసలు నోట్‌ప్యాడ్ నుంచి, సగం లైనక్స్ ఎడిటర్ నుంచి తెచ్చి కలపండి. ఫైల్‌కి తెలుగు పేరు పెట్టి మూడు సిస్టమ్‌ల మీదా నడపండి. వచ్చిన మూడు అవుట్‌పుట్‌లను బైట్ బైట్‌గా పోల్చండి. విండోస్ అవుట్‌పుట్‌లో మాత్రమే తేడా కనిపిస్తే, స్టాండర్డ్ అవుట్‌పుట్ అక్కడ ఏ మోడ్‌లో ఉందో చూడండి. వచ్చే పాఠంలో థ్రెడ్లు. మజిల్ థ్రెడ్‌కి మామూలుగా ఇచ్చే స్టాక్ 128 కిలోబైట్లే, అక్కడి నుంచి మొదలుపెడదాం.